సైట్ అప్ అయింది, మనిషి రాలేదు: ఒంటరి డ్యూటీలో ఫోన్ ఎంతవరకు కాపాడుతుంది?

సిగ్నల్ పోతే మనం ఏం చేస్తాం? ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్ చేసి ఆఫ్ చేస్తాం. ఫోన్ కిటికీ దగ్గర పెట్టి చూస్తాం. ఆపరేటర్‌ని నాలుగు తిట్టి పడుకుంటాం. సరిగ్గా అదే టైముకి మా పెద్దమ్మ కొడుకు రెయిన్‌కోటు వేసుకుని బైకు తీస్తాడు. ఆయన సెల్ టవర్ టెక్నీషియన్. మార్కాపురం అవతల, దోర్నాల వైపు నల్లమల అంచున ఉన్న కొన్ని టవర్లు ఆయన కింద ఉంటాయి. పగలు రాత్రి తేడా లేదు. సైట్ డౌన్ అని మెసేజ్ వస్తే వెళ్లాలి, అదీ ఒక్కడే.

ఈ ఆర్టికల్ నేను రాయడానికి కారణం పోయిన ఆగస్టులో ఒక రాత్రి. వాన, కరెంటు లేదు, టవర్ దగ్గర బ్యాటరీలు అయిపోయాయి, జనరేటర్ దానంతటది స్టార్ట్ కాలేదు. రాత్రి పన్నెండింటికి అన్నయ్య అక్కడికి చేరాడు. షెల్టర్ తలుపు తెరిచాడు, ఫోన్ టార్చ్ వేసి జనరేటర్ మీద పెట్టాడు, డీజిల్ లైన్ చూద్దామని వంగాడు. తడిసిన ఇనుప మెట్టు మీద కాలు జారింది. చీలమండ విరిగింది, భుజం కీలు తప్పింది. ఫోన్ ఎగిరి కంచె అవతల పడింది.

ఫోన్ చేతిలో ఉన్నా లాభం ఉండేది కాదనుకోండి. డౌన్ అయిందే ఆ చుట్టుపక్కల ఉన్న ఒకే టవర్. పైగా మన దగ్గర ఒకే టవర్ మీద ఇద్దరు ముగ్గురు ఆపరేటర్ల యాంటెన్నాలు ఉంటాయి, కరెంటూ బ్యాటరీలూ అందరికీ కలిపే. పవర్ పోతే అందరూ కలిసే పోతారు. రెండో సిమ్ వేరే కంపెనీది పెట్టుకున్నా అంతే.

ఒకటిన్నరకి కరెంటు వచ్చింది. సైట్ అప్ అయింది. కంచె అవతల ఫోన్ టింగ్ టింగ్ అని మోగడం అన్నయ్యకి వినపడింది. అవి టీమ్ వాట్సాప్ గ్రూప్ మెసేజ్‌లని తర్వాత చూశాం. “సైట్ అప్, గుడ్ వర్క్” అని ఒకటి, దాని కింద రెండు బొటనవేళ్లు. మానిటరింగ్ సెంటర్‌లో టికెట్ క్లోజ్ అయిపోయింది. ఒక చేత్తో పాక్కుంటూ గేటు దాకా వెళ్దామని చూశాడట, సగంలో స్పృహ తప్పింది. తెల్లవారుజామున ఐదు దాటాక గేదెల్ని తోలుకెళ్తున్న ఒక పెద్దాయన చూసేదాకా అక్కడే ఉన్నాడు. వదిన ఇంట్లో పడుకుని ఉంది. అన్నయ్య చాలాసార్లు తెల్లారి వస్తాడు కాబట్టి ఆమెకి అనుమానం రాలేదు.

నన్ను ఇప్పటికీ కెలికే సంగతి ఇంకొకటి ఉంది. టవర్ సైట్‌లో సెన్సర్లు బోలెడు. బ్యాటరీ వోల్టేజ్, డీజిల్ ఎంత ఉంది, లోపల వేడి, పొగ, చివరికి తలుపు తెరిచి ఉందా మూసి ఉందా అన్నది కూడా మానిటరింగ్ సెంటర్‌కి తెలుస్తుంది. ఆ రాత్రి సైట్ అప్ అయిన దగ్గర్నుంచి “డోర్ ఓపెన్” అలారం వాళ్ల స్క్రీన్ మీద మూడున్నర గంటలకు పైగా ఉంది. టెక్నీషియన్ వెళ్లాడు కదా, తలుపు తెరిచే ఉంటుంది అనుకున్నారు. మనిషి ప్రమాదంలో ఉన్నాడని చెప్పగలిగిన సెన్సర్ చెబుతూనే ఉంది. దాన్ని ఆ దృష్టితో చదివే మనిషి లేడు.

అన్నయ్య కట్టు విప్పాక మళ్లీ డ్యూటీకి వెళ్లాడు. నేను గాడ్జెట్లు రివ్యూ చేసేవాణ్ణి. “ఒరేయ్, ఇన్ని ఫోన్లు చూస్తావు గదా, నాకు పనికొచ్చేది ఏందో చెప్పు” అన్నాడు. చెప్పలేకపోయాను. అందుకే రెండు నెలలు టెస్ట్ చేశాను.

ఎస్ఓఎస్ బటన్: నొక్కగలిగితేనే

ముందు మనందరి ఫోన్లలో ఉన్నదే చూద్దాం. మన దేశంలో 2017 జనవరి 1 నుంచి అమ్మే ప్రతి ఫోన్‌లో పానిక్ బటన్ ఉండాలని కేంద్రం 2016లోనే రూల్ పెట్టింది. కీప్యాడ్ ఫోన్లలో 5 లేదా 9 నొక్కి పట్టుకోవాలి. స్మార్ట్‌ఫోన్లలో పవర్ బటన్ వెంటవెంటనే మూడుసార్లు నొక్కాలి. తర్వాత వచ్చిన ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎక్కువగా ఐదుసార్లు అయింది. మీ ఫోన్‌లో ఎన్నిసార్లో ఇప్పుడే సెట్టింగ్స్‌లో ‘ఎమర్జెన్సీ’ అని వెతికి చూడండి. అన్నయ్య టీమ్‌లో నేను అడిగిన నలుగురిలో ఒక్కరికీ తెలియదు.

చాలామంది కలిపేసుకునే విషయం ఒకటుంది. మీ నెట్‌వర్క్ లేకపోయినా పక్క ఆపరేటర్ సిగ్నల్ ఏదైనా అందితే ఫోన్ 112కి కాల్ కలుపుతుంది. ‘ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ’ అని కనిపించేది అందుకే. కానీ ఇంటివాళ్లకి వెళ్లాల్సిన ఎస్ఓఎస్ ఎస్ఎంఎస్‌కి, లొకేషన్ లింక్‌కి ఆ సౌకర్యం లేదు. వాటికి మీ సొంత నెట్‌వర్కే కావాలి. కాబట్టి అలాంటి చోట ముందు 112.

112 కలిసినా ఎక్కడున్నారో నోటితో చెప్పగలగాలి. అన్నయ్యకి తన టవర్ల సైట్ ఐడీలన్నీ కంఠతా వచ్చు. ఆ అక్షరాలూ అంకెలూ పోలీసులకి ఏం అర్థమవుతాయి? ఇప్పుడు ప్రతి సైట్‌కీ ఊరి పేరు, రోడ్డు, ఏ కిలోమీటరు రాయి దగ్గర తిరగాలి అన్నది రాసి ఫోన్ కవర్ వెనక పెట్టుకున్నాడు.

నవంబర్‌లో ఆయనతో పాటు ఒక రౌండుకి వెళ్లాను. ఏ ఆపరేటరూ అందని ఒక మలుపు ఉంది, అక్కడ బైకు ఆపి నా సామాను దించాను. ఎస్ఓఎస్ నంబరు 112 బదులు వదిన నంబరుగా ముందే మార్చుకున్నాను (టెస్ట్ కోసం 112కి కాల్ చేయకండి, దయచేసి). కౌంట్‌డౌన్ బాగా వచ్చింది, సైరన్ బాగా మోగింది, పక్క చెట్టు మీద కోతులు కూడా పారిపోయాయి. కాల్ వెళ్లలేదు. ఎస్ఎంఎస్ కింద ‘నాట్ సెంట్’. అంతా యాక్షనే, అవతలికి ఏమీ చేరలేదు.

కింద పడినప్పుడు వాయిస్ అసిస్టెంట్‌ని పిలవొచ్చు కదా అని కామెంట్ పెట్టేవాళ్లుంటారు. ఇంట్లో నాలుగు మీటర్ల దూరం నుంచి ఫోన్ లాక్‌లో ఉన్నా కాల్ కలిపింది, అదీ లాక్ స్క్రీన్ పర్మిషన్లు ముందే ఇచ్చాను కాబట్టి. నడుస్తున్న జనరేటర్ పక్కన నేను గొంతు చించుకున్నా పలకలేదు.

వాచ్‌లు పడిపోవడాన్ని పట్టుకుంటాయి, కూలబడటాన్ని కాదు

ఫాల్ డిటెక్షన్ ఈ పనికోసమే పుట్టినట్టు అనిపిస్తుంది. యాపిల్ వాచ్‌లో సిరీస్ 4 నుంచి, అంటే 2018 నుంచి ఉంది. గట్టిగా పడి ఒక నిమిషం పాటు కదలకపోతే తనంతట తానే ఎమర్జెన్సీ కాల్ చేస్తుంది. గెలాక్సీ వాచ్ కూడా పడిన తర్వాత 60 సెకన్లు ఆగి మీరు పెట్టుకున్న నంబర్లకి కబురు పంపుతుంది. యాపిల్ వాచ్ కొన్నవాళ్లు చూసుకోవాల్సిన చిన్న మెలిక ఒకటుంది. 55 ఏళ్లు పైబడినవాళ్లకే ఇది దానంతటది ఆన్ అవుతుంది. మిగతావాళ్లు సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆన్ చేయాలి, అందులోనూ ‘వర్కౌట్ చేస్తున్నప్పుడే’, ‘ఎప్పుడూ’ అని రెండు ఆప్షన్లు. డ్యూటీకి వెళ్లేవాడికి రెండోదే కావాలి.

ఈ సెన్సర్లు వెతికేది దెబ్బని. గోడకి ఆనుకుని మెల్లగా జారి కూర్చుండిపోతే, షాక్ కొట్టి చెయ్యి అతుక్కుపోతే, పాము కరిచి పక్కన కూలబడితే అది వాటి లెక్కలో ‘పడటం’ కాకపోవచ్చు. పరుపు మీద పడి చూశాను, పదిసార్లలో రెండుసార్లు పట్టుకుంది. నేను నటిస్తున్నానని దానికి తెలిసిపోయిందేమో, ఆ మాత్రం మార్కులు ఇస్తాను. ఇక పట్టుకున్నా కబురు పంపడానికి మళ్లీ ఫోన్ సిగ్నలే దిక్కు.

రెండు మూడు వేల వాచ్‌లలో ‘ఎస్ఓఎస్’ అని రాసి అమ్మేవి కూడా చూశాను. నేను వాడిన దాంట్లో ఆ బటన్ ఫోన్‌లోని యాప్‌కి చెబుతుంది, మిగతా పని ఆ యాప్ చేయాలి. అన్నయ్య ఫోన్‌లోని బ్యాటరీ సేవర్ రెండు గంటల్లో ఆ యాప్‌ని చంపేసింది. ఇలాంటిది వాడుతుంటే బ్యాటరీ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి ‘నో రెస్ట్రిక్షన్స్’ ఇచ్చి, ఆటోస్టార్ట్ ఆన్ చేసి, మూడు గంటల తర్వాత మళ్లీ నొక్కి చూడండి. కొన్నరోజు పనిచేసిందని నమ్మొద్దు.

శాటిలైట్ ఎస్ఓఎస్ సంగతి అడుగుతారని తెలుసు. ఐఫోన్ 14 నుంచి ఉన్న ఆ ఫీచర్ నేను ఇది రాసే నాటికి మన దేశంలో లేదు. గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి చేతి శాటిలైట్ పరికరాలకి ఇక్కడ టెలికాం శాఖ అనుమతి కావాలి. తెలియక బ్యాగులో తెచ్చుకున్న విదేశీ ట్రెకర్లని ఎయిర్‌పోర్టుల్లో ఆపేసిన సందర్భాలున్నాయి. అమెరికాలో ఉన్న ఫ్రెండ్‌తో తెప్పించుకునే ఆలోచన ఉంటే మానుకోండి.

నా సొంత పిచ్చి కొద్దీ మెష్‌టాస్టిక్ కూడా ట్రై చేశాను. లోరా రేడియో ఉన్న చిన్న బోర్డులు రెండు. మన దేశంలో 865–867 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌కి లైసెన్స్ అక్కర్లేదు, అందుకే అవి వాడొచ్చు. సెల్ నెట్‌వర్క్ లేకుండా ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డుకి టెక్స్ట్ వెళ్తుంది. మిట్ట మీద ఉన్నంతసేపు ఊళ్లోకి మెసేజ్ చేరింది, వాగు దగ్గరికి దిగగానే పోయింది. మధ్యలో ఇంకో బోర్డు ఎత్తులో కట్టాలి అని వివరిస్తుంటే అన్నయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు. “అంటే టవర్ బాగుచేయడానికి పోయేవాడికి ఇంకో టవర్ కావాలంటావ్.”

పాత ఐడియా: ఏమీ చేయకపోవడమే అలారం

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఏదో ఒకటి జరిగితే కబురు పంపేవి. మనిషి బటన్ నొక్కాలి, లేదా వాచ్ దెబ్బని గుర్తించాలి. రైలింజన్‌లో ఉన్నది దీనికి తిరగేసిన పద్ధతి. లోకో పైలట్ ఒక నిమిషం పాటు ఏ కంట్రోలూ ముట్టుకోకపోతే విజిలెన్స్ కంట్రోల్ డివైస్ ముందు లైటు వెలిగిస్తుంది, తర్వాత బజర్ మోగిస్తుంది, అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే బ్రేకులు వేసేస్తుంది. సాయం అడగాల్సిన పని లేదు. జవాబు రాకపోవడమే కబురు.

మన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 36వ సెక్షన్ చదివినప్పుడు నాకు ఇంకా నచ్చింది. విషవాయువు ఉండే ట్యాంకులోకో గుంతలోకో మనిషి దిగాలంటే, ఆ గాలి ప్రమాదం లేనిదని తేల్చి రాసిచ్చిన సర్టిఫికెట్ ఉండాలని ఆ సెక్షన్ చెప్పేది. లేదంటే శ్వాస పరికరం పెట్టుకుని, నడుముకి బెల్టు, బెల్టుకి తాడు కట్టుకోవాలనేది. ఆ తాడు రెండో కొస బయట ఉన్న ఇంకో మనిషి చేతిలో ఉండాలనేది. కొక్కేనికో స్తంభానికో కట్టమనలేదు చూడండి, మనిషి చేతిలో అన్నారు.

బ్రిటన్‌లో ఈ విషయం మీద పెద్ద చర్చ మొదలైంది 1986లో. సూజీ లాంప్లూ అనే పాతికేళ్ల ఎస్టేట్ ఏజెంట్ లండన్‌లో ఒక క్లయింట్‌కి ఇల్లు చూపించడానికి ఒంటరిగా వెళ్లి తిరిగి రాలేదు. ఆమె తల్లిదండ్రులు ఆమె పేరు మీద ట్రస్ట్ పెట్టారు. ఒంటరిగా పనిచేసేవాళ్ల భద్రతా పరికరాలకి అక్కడ బీఎస్ 8484 అని ఒక స్టాండర్డ్ 2009లో వచ్చింది. అది పరికరం ఒక్కదాన్నే కొలవదు, అలారం అందుకునే సెంటర్ ఎలా స్పందించాలో కూడా చెబుతుంది. మన దగ్గర స్పెక్స్ షీట్‌లో ‘ఎస్ఓఎస్: ఉంది’ అని టిక్కు పెట్టి వదిలేస్తాం. నేనూ ఎన్నో రివ్యూల్లో అలాగే రాశాను.

ఫోన్లలో ఈ తిరగేసిన పద్ధతి లేకపోలేదు. పిక్సెల్‌లో పర్సనల్ సేఫ్టీ యాప్‌లో ‘సేఫ్టీ చెక్’ ఉంది. గంట అని పెడితే గంట తర్వాత అడుగుతుంది, 60 సెకన్లలో జవాబు ఇవ్వకపోతే మీ లొకేషన్ మీవాళ్లకి షేర్ చేస్తుంది. ఐఓఎస్ 17 నుంచి ఐఫోన్ మెసేజెస్‌లో ‘చెక్ ఇన్’ ఉంది. టైమర్ అయ్యాక అడుగుతుంది, 15 నిమిషాలు చూసి అవతలివాళ్లకి చెబుతుంది. చెక్ ఇన్‌లో అసలు విషయం ఏంటంటే, మీ ఫోన్ సిగ్నల్ పోయినా, ఆఫ్ అయినా అవతలి ఫోన్‌కి కబురు వెళ్తుంది. ఆ మలుపు దగ్గరికి పోయే ముందు నా ఐఫోన్‌లో అరగంట టైమర్ పెట్టి, హైదరాబాద్‌లో ఉన్న ఫ్రెండ్‌కి కనెక్ట్ చేశాను. మేం చెట్టు కింద కూర్చుని పులిహోర తింటుండగా అక్కడ వాడికి అలర్ట్ వచ్చింది, సిగ్నల్ ఉన్న చివరి చోటుతో సహా. ఆ రోజు ఫోన్లలో నిజంగా పని చేసింది ఇదొక్కటే. కాకపోతే రెండువైపులా ఐఫోన్ ఉండాలి. అన్నయ్యది పన్నెండు వేల ఫోన్, వదినది ఆయన పాత ఫోన్.

వాట్సాప్ లైవ్ లొకేషన్ అందరికీ ఉంటుంది. 8 గంటలు పెట్టి బయల్దేరితే, సిగ్నల్ పోయిన చోట చుక్క ఆగిపోయి ‘ఇన్ని నిమిషాల క్రితం’ అని చూపిస్తుంది. అలారం కొట్టదు గానీ వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది. బ్యాటరీ మాత్రం బాగానే తాగుతుంది, పవర్ బ్యాంక్ పెట్టుకోండి.

చివరికి ఏం పెట్టాం

చెక్ ఇన్ చేసే పనిని డబ్బుల్లేకుండా ఎలా చేయాలి అని ఆలోచిస్తే దారి దొరికింది. టైమర్ అన్నయ్య ఫోన్‌లో నడవకూడదు, వదిన ఫోన్‌లో నడవాలి. బయల్దేరేటప్పుడు వదినకి చెబుతాడు: ఫలానా సైట్, ఫలానా టైముకల్లా ఫోన్ చేస్తాను. ఆమె మామూలు అలారం పెట్టుకుంటుంది. అలారం మోగేలోపు అన్నయ్య నుంచి కాల్ రాకపోతే ఆమె చేస్తుంది. రెండుసార్లు కలవకపోతే రెండో నంబరు.

ఆ రెండో నంబరు కోసం బాగా వెతికాం. సూపర్‌వైజర్ ఒంగోలులో ఉంటాడు, ఆయన వచ్చేసరికి తెల్లారుతుంది. అన్నయ్యకే తట్టింది: టవర్ ఎవరి పొలంలో ఉందో వాళ్లు. కంపెనీ అద్దె కట్టేది వాళ్లకే, చాలామంది పక్క ఊళ్లోనే ఉంటారు. ఒక్కొక్కరి ఇంటికి వెళ్లి మాట్లాడాడు, ఎవరూ కాదనలేదు. టవర్ డౌన్ అయితే వాళ్లకీ సిగ్నల్ ఉండదు కదా అని అడిగాను. అలాంటి రెండు ఊళ్లలో ల్యాండ్‌లైన్ ఉన్న ఇంకో ఇల్లు వెతికి పెట్టుకున్నాడు. మూడో ఊరికి ఇప్పటికీ ఏమీ లేదు. అక్కడికి రాత్రి ఒంటరిగా వెళ్లనని సూపర్‌వైజర్‌కి చెప్పేశాడు. వారం రోజులు గొణిగి ఒప్పుకున్నారు.

కొన్నవి రెండే. రూ. 349 పెట్టి తలకి కట్టుకునే హెడ్‌ల్యాంప్, ఎందుకంటే ఫోన్ టార్చ్‌గా మారిన క్షణమే ఫోన్ ఒంటి మీద నుంచి దిగిపోయింది. ఇప్పుడు ఫోన్ బెల్టు పౌచ్‌లో జిప్పు వేసి ఉంటుంది. ఇంకోటి మెడలో విజిల్. ఇరవై వేల వాచ్ కొనిస్తానన్నాను, “డీజిల్ చేతుల్తో దాన్ని ఏం చేసుకోను, చెల్లెలి పెళ్లికి పెట్టుకుంటా ఇయ్యి” అన్నాడు.

కంపెనీకి ఒకటే అడిగాం. సైట్ అప్ అయిన తర్వాత 45 నిమిషాలకి కూడా డోర్ ఓపెన్ అలారం పోకపోతే టెక్నీషియన్‌కి ఒక కాల్ చేయండి, ఎత్తకపోతే ఇంట్లోవాళ్లకి చేయండి. కొత్త సెన్సర్ అక్కర్లేదు, సాఫ్ట్‌వేర్‌లో ఒక రూల్ రాస్తే చాలు. “చూద్దాం” అన్నారు. జనవరిలో మళ్లీ అడిగితే మళ్లీ అదే మాట.

పోయిన వారం రాత్రి రెండూ పదికి వదిన అలారం మోగింది. కాల్ రాలేదు. ఆమె చేసింది, రింగవుతోంది గానీ ఎత్తడం లేదు. రెండోసారీ అంతే. పొలం ఆయనకి చేసింది. డెబ్బై ఏళ్ల మనిషి, దుప్పటి కప్పుకుని కర్రా టార్చ్‌లైటూ పట్టుకుని కిలోమీటరు నడిచి వెళ్లాడు. చూస్తే జనరేటర్ మోతలో అన్నయ్యకి ఫోన్ వినపడక పని చేసుకుంటున్నాడు, టైము చూసుకోలేదు. పెద్దాయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. అన్నయ్య ఫోన్ తీసుకుని వదినకి ఆయనే కాల్ చేశాడు. “ఉన్నాడమ్మా నీ మొగుడు, నిక్షేపంగా ఉన్నాడు. ఈసారి అలారం వాడి చెవి దగ్గర గూడా ఒకటి పెట్టు.”

ఇప్పుడు అన్నయ్య ఫోన్‌లో కూడా అలారం ఉంది, వదినదాని కంటే పది నిమిషాల ముందు. వైబ్రేషన్ ఫుల్‌లో.